నడుం కొలత

ఉగాదికి ఇరవై ఉండె.
దసరా గౌనుకు కొలిస్తే ఇరవై నాలుగు.
భుజం మాత్రం తొమ్మిదికి తొమ్మిది, దారమంత పెరగలే.
టేపు సాగిందేమో అని
నా నడుముకు చుట్టి చూసుకున్న.
టేపు మంచిగనే ఉన్నది.

"బొద్దుగున్నది, దిష్టి తియ్యి" అన్నది మా అత్త.
బస్తీ దవాఖానల నట్టల మందిచ్చిన్రు.
జోషిత చప్పరించి తాగింది.
నట్టలు పడలే, నడుమూ తగ్గలే.

స్కాన్ గదిల చల్లటి జెల్ రాస్తే
చక్కిలిగిలి పెట్టినట్టు నవ్వింది పిల్ల.
తెర చూసేటాయన నవ్వలే.
"ఎంతున్నది సార్?"
అరచేయి చాపిండు.
కొంచెం ఆగి, పక్కన రెండో చేయి పెట్టిండు.

రెడ్ హిల్స్ పిల్లల దవాఖానల మాధురీలత మేడం
ఓపీ చీటీ వెనక బొమ్మ గీసింది.
ఇది పేగు, ఇది కిడ్నీ, ఇగ ఇది...
పెన్ను గుండ్రంగ తిరుగుతనే ఉన్నది.
"పసికొవ్వు లెక్కుందమ్మా.
పెద్దగైతది గానీ పెద్దరికం రాదు దానికి.
ఏడాదికొక్కటి చూస్తమో లేదో.
తీసి చూస్తె గాని చెప్పలేం."
ఇంకో మాట ఆమె అనలే.
నేనూ అడగలే.
ఇద్దరి నడుమ బల్ల మీద అది కూసొనే ఉన్నది.

ఐదు గంటలు.
"నరాల మీదికెల్లి మెల్లగ ఒలిచినం,
బట్ట చిరగకుండ పాత కుట్టు విప్పినట్టు" అన్నది.
ఆ ఒక్క మాట నాకు పూర్తిగ అర్థమైంది.
కిలో రెండొందలు.
ట్రేల చూపిచ్చిన్రు. పచ్చగ, మెత్తగ, వెన్నముద్ద లెక్క.
కోపం తెచ్చుకుందామన్నా రాలే.

రిపోర్టుకు పదకొండు రోజులు.
పదకొండు జాకెట్లు కుట్టిన, తొమ్మిది విప్పిన.
పక్కింటి షాహీన్ ఆపా దర్గాకు పూల చాదర్ మొక్కింది.
నేనేం మొక్కలే,
మొక్కితే భయపడ్డట్టు తెలిసిపోతదని.

లైపోబ్లాస్టోమా, బినైన్.
రెండు మాటలు. రెండూ నాకు రావు.
మేడం ముఖం చదువుకున్న.
"చెడ్డది కాదమ్మా. అయినా ఐదేండ్లు
ఆర్నెల్లకోసారి స్కానుకు తీస్కరా.
మళ్ల రావచ్చు, రాకపోవచ్చు."

ఇప్పుడు అడ్డగుట్టల మా ముందు గదిల
కొత్త గౌను బట్ట పరిచిన.
పెరిగే పిల్లలకు లోపల గుడ్డ వదిలి కుడతం.
భుజం కాడ వదిలిన, అంచుకు వదిలిన.
నడుం కాడికొచ్చి కత్తెర ఆగింది.

జోషిత టేపు గుంజుకపోయి
మిషను కాలు కొలుస్తున్నది.
"ఎంతనే?"
"రెండు."
దానికొచ్చిన అంకె అదొక్కటే.

రెండంగుళాలు వదిలిన.