జిగురు

స్కూటర్ ముందు రేకు మీద స్టిక్కర్ గీకుతున్నాను
పాత మెట్రో కార్డు అంచుతో.
రెక్కల తాబేలు, వాళ్ళ గుర్తు.
తల వచ్చింది, ఒక రెక్క వచ్చింది,
డిప్ప రానంటోంది.

పదకొండేళ్ళు.
బనశంకరిలో, జిరాక్సు కొట్టు మేడమీద
ఆదివారం రెండింటికి మొదలై
ఇంటి ఓనరు మెయిన్ ఆపేదాకా ఆట.
తిప్పేశ్ ఎప్పుడూ దొంగే.
ఫర్హానా కత్తి పట్టిన సన్యాసిని.
బంగారుపేట నుంచి పాసింజరుకొచ్చే మునెప్ప
ఏ వేషం కట్టినా మూడో వారానికి చచ్చేవాడు,
చచ్చినవాడే అందరికీ మసాలపూరి తెప్పించాలి.
అట్ట తెర వెనక నేను.
గుహలకీ, వానకీ, రాజుగారి అబద్ధాలకీ
గొంతు నాదే.

మొదటి పుస్తకం మొదటి జీతంతో.
సుంకం దాదాపు పుస్తకం ధరంత.
"ఏముందక్కా ఇందులో, బంగారమా?"
అన్నాడు కొరియర్ కుర్రాడు.
రాక్షసులు, అన్నాను.
వాసన చూశాను. నవ్వకండి.
బడిపిల్లలా బ్రౌన్ పేపర్ అట్ట వేశాను.
రెండో కూర్పు వచ్చింది, కొన్నాను.
మూడోది వచ్చాక రెండోది తప్పన్నారు,
కొన్నాను.
వాళ్ళని ఎవరైనా ఒక్క మాటంటే
మా మేనమామని అన్నట్టు మీదపడేదాన్ని.

మునెప్ప తాత గనిలో దిగినవాడు.
ఆయన చెప్పిన సొరంగాల లెక్కతో
గ్రాఫు కాగితాలు అతికించి ఒక పాతాళం గీశాం.
పద్నాలుగు అంతస్తులు, పేర్లన్నీ తెలుగువి:
ఊపిరి బావి, దీపం తినే మెట్లు, అత్తగారి మలుపు.
రెండేళ్ళు పట్టింది.
కింద నారాయణప్ప దగ్గర నలభై కాపీలు తీయించి
కాగితం ఖర్చుకే అమ్మాం.

ఉత్తరం వచ్చింది. మర్యాదగానే.
మా నియమాల మీద నిలబడ్డ ప్రతి గుహా మాదే అని,
ఇకముందువే కాదు, ఇంతకుముందువీ అని.
కింద సంతకం లేదు. తాబేలుంది.

మునెప్ప రెండుసార్లు చదివాడు.
"మా తాత దగ్గరా ఇట్లే వేలిముద్ర ఏయించుకొన్నారు.
రాయి కంపెనీదంట.
దగ్గు మాత్రం ఆయనకే ఇడిసినారు."

కోపం వస్తుందనుకున్నాను.
వచ్చింది సిగ్గు.
నేనెవరో వాళ్ళకి తెలీదు, ఏనాడూ తెలీదు.
పదకొండేళ్ళు ఒక గోడౌన్‌ని ప్రేమించాను.

అవెన్యూ రోడ్డులో తూకానికి అడిగారు,
చేతులు రాలేదు.
మంచం కింద ఉన్నాయి. అప్పుడప్పుడు లాగి
నూట పన్నెండో పేజీలో ఏడుస్తున్న రాక్షసిని చూస్తాను.
ఆ బొమ్మ వేసినామెనీ పనిలోంచి తీసేశారట.

ఇప్పుడు నియమాలు ఒక రూళ్ళ నోటుబుక్కులో,
ఫర్హానా చేతిరాత.
లెక్క తప్పుతుంది. తిప్పేశ్ ఆట మధ్యలో లేచి
చట్టం మార్చేస్తాడు.
నిజం చెప్పనా, పాత ఆటే బాగుండేది.
కొంచెం.
పాచికలు మాత్రం అవే.
తమనెవరు అమ్మారో వాటికి పట్టదు.

నిన్న సిల్క్ బోర్డు సిగ్నల్లో
పక్క బండి కుర్రాడు తాబేలుని చూసి
మొహం ఇంత చేసుకుని
"మీరూ ఆడతారా!" అన్నాడు.
ఔనన్నాను.
ఏ కూర్పని అడిగేలోపు పచ్చలైటు పడింది,
బతికిపోయాను.

అందుకే ఈ గీకుడు.
కాగితం మొత్తం పోయింది.
జిగురు మిగిలింది, తాబేలు ఆకారంలోనే,
రోడ్డు దుమ్మంతా పట్టుకుని
ముందుకన్నా నల్లగా.

కిరోసిన్‌తో పోతుందంటాడు నారాయణప్ప.
ఈ ఊళ్ళో కిరోసిన్
ఇప్పుడెక్కడ దొరుకుతుంది.