రెండు గ్లాసుల ఆవిరి

పుదుపేటలో రాగి గొట్టం బేరమాడాను.
మూడంగుళాల వ్యాసం, ఒక పక్క సొట్ట.
"దేనికి?" అన్నాడు పాత ఇనుము ఖలీల్.
"పనికిరాని పనికి" అన్నాను.
అయితే తీసుకో అని
ఇరవై రూపాయలు తగ్గించాడు.

అయనావరంలో మా మేడ మీద రేకుల గది.
అందులో కుట్టుమిషను కాళ్ళకి బిగించిన
చిన్న లేతు.
అంబత్తూరులో ముప్ఫయ్యొక్క ఏళ్ళు
ఎవరెవరి డ్రాయింగులకో మరలు కోశాను.
ఏ ఊళ్ళో ఏ యంత్రంలో ఇరుక్కున్నాయో,
ఒక్క మర కూడా ఉత్తరం రాయలేదు.
ఈ రోడ్డు రోలరు డ్రాయింగు మాత్రం నాది,
మేనకోడలు యామిని లెక్కల నోటుబుక్కు
వెనకట్ట మీద గీసింది.

ఫ్లైవీలుకి
మూతబడ్డ కిరాణా కొట్టు కిలో రాయి.
అడుగున సీసం బొట్టు, దాని మీద
తూనికల వాళ్ళు ఏటేటా గుద్దిన ముద్రలు.
ఇన్నేళ్ళు నిజమే తూచిందని సాక్ష్యం.
అక్కడ ఉలి ఆపేశాను.
అందుకే చక్రం ఒక పక్కకి బరువు,
తిరిగేటప్పుడు కొంచెం కుంటుతుంది.
కుంటనీ.

సిలిండరు మూడుసార్లు చేశాను.
ఒక చివర వేలితో మూసి పిస్టన్ లాగితే
లోపలి గాలి వేలిని పట్టుకోవాలి.
మొదటిది పట్టుకోలేదు.
రెండోది వదల్లేదు.
మూడోది కాసేపు పట్టుకుని,
ఆలోచించి,
వదిలింది.

గాస్కెట్‌కి కరెంటు కార్డు కోశాను,
నూనెలో నానితే ఆ అట్టకి సాటి లేదు.
"రీడింగు రాసేవాడొస్తే ఏం చూపించను,
నీ ఆవిరా?" అంది కుప్పక్క.

అసలు తగువు నీళ్ళ దగ్గరే.
లారీ రోజు మార్చి రోజు వస్తుంది,
ఇంటికి పన్నెండు బిందెలు.
"తాగే నీళ్ళు కాగబెట్టి గాల్లో కలుపుతావా, ధనకోటీ?"
బోరు నీళ్ళయితే ఉప్పు;
నెల తిరక్కుండా రాగి లోపల సున్నం కడుతుంది.

పక్కింటి నాదముని గారి ఏసీ గొట్టం
మూడేళ్ళుగా మా గోడని తడుపుతోంది.
మూడేళ్ళుగా మాటల్లేవు.
కత్తిరి ఎండల్లో ఒక రాత్రి
దాని కింద డబ్బా వేలాడదీశాను.
ఉప్పు లేదు, సున్నం లేదు.
తెల్లారేసరికి రెండు గ్లాసులు.
గోడ దగ్గర నిలబడి అడిగాను,
"సార్, రాత్రి ఇంకో గంట ఏసీ వేసుకోరూ?"

ముందు చన్నీళ్ళ పరీక్ష.
గ్రీజు గన్నుతో బాయిలరులోకి
పనిచేసే ఒత్తిడికి రెండింతలు ఎక్కించి
పావుగంట చూశాను.
ముల్లు కదల్లేదు.
నేనూ కదల్లేదు.

నా ఏడో ఏట కొన్నూరు హైరోడ్డు మీద తారు వేశారు.
రోలరు డ్రైవరు తన క్యారియరుని
బాయిలరు నెత్తిన పెట్టి రోడ్డు చదును చేసేవాడు.
మధ్యాహ్నానికి సాంబారు ఉడుకెత్తేది.
బడి మానేసి ఆ వాసన వెనకే నడిచాను,
గంటకి రెండు మైళ్ళ వేగంతో,
చెప్పులకి తారు.

ఆదివారం సాయంత్రం మూడు వత్తులూ వెలిగించాను.
కుప్పక్క వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.
నాదముని గారు లుంగీతోనే వచ్చారు,
తన నీళ్ళు ఏం చేస్తాయో చూడ్డానికి.
ఎనిమిది నిమిషాలకి ముల్లు వణికింది.
ఇరవై. ముప్ఫై.
యామిని వేలితో చక్రాన్ని తట్టింది.

కుంటుతూ కదిలింది.
నాలుగడుగులు వెళ్ళి
ఎండబెట్టిన మిరపకాయల్లోకి దూరి
ఒకదాన్ని అప్పడం చేసింది.
నలుగురం తుమ్మాం.
నాదముని గారు రెండుసార్లు.

గ్లాండు దగ్గర ఆవిరి కారుతోంది.
రేపు విప్పాలి.

మంట ఆర్పేశాక కూడా బాయిలరు వేడిగానే ఉంది.
యామిని జేబులోంచి ఒక వేరుశనగ గింజ తీసి
దాని నెత్తిన పెట్టింది.
ఆ క్యారియరు సంగతి
నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

కాసేపాగి గింజ విడదీసి
ఒక బద్ద నాకిచ్చింది.
గోరువెచ్చగా ఉంది.
కొంచెం స్పిరిటు వాసన.