బదులు

సండర్లాండ్‌లో మేం దిగిన వారానికే
గాలివానకి ఊడిన చూరుగొట్టాన్ని
పక్కింటి డగ్లస్ నిచ్చెనేసి ఎక్కి బిగించాడు.
డెబ్బై ఆరేళ్ళ మనిషి. ఓడల రేవులో వెల్డింగ్ చేసి చేసి
సగం చూపు అక్కడే వదిలి వచ్చాడు.
కళ్ళు మసక, కాళ్ళు మాత్రం పిల్లివి.

సాయంత్రానికల్లా బిస్కెట్ల డబ్బాతో ఆయన గుమ్మంలో నేను.
పెరట్లో రూబార్బ్ కాడలు కోసిచ్చాడు. మర్నాటికి పచ్చడి.
గోంగూర కాదు గానీ
పులుపులో దాని పినతల్లి కూతురు.
దగ్గి, చెంబెడు నీళ్ళు తాగి,
"ఇంకాస్త ఉందా?" అన్నాడు.
కుళాయి వాషరు మార్చాడు. ఆ రాత్రే పులిహోర.
ఎవరి రుణమూ తెల్లారనివ్వకూడదని మా అమ్మ పెంపకం.
నా తలలో ఎప్పుడూ ఓ చిట్టా తెరిచే ఉంటుంది.

మార్చిలో ఓ రోజు
గిన్నె అందుకోకుండా తలుపు పట్టుకు నిలబడ్డాడు.
"ఇంత తొందరగా తీర్చేస్తావేమిటమ్మాయ్,
నన్ను వదిలించుకోవాలనా?"

గిన్నెతోనే వెనక్కి వచ్చాను.
పొయ్యి ముందు నిలబడి
మాటలొచ్చినప్పట్నుంచీ నోట్లో నానుతున్న మాటని
మొదటిసారి విడదీసి చూశాను.
ఇచ్చి, పుచ్చుకోవడం.
ఇచ్చి: అక్కడికి ఒక పని ముగిసింది.
పుచ్చుకోవడం: అది ఎప్పుడో.
ఆ రెంటి నడుమ ఎన్నాళ్ళుండాలో
ఏ వ్యాకరణమూ చెప్పలేదు.
ఆ ఎడంలోనే కదా
ఇరుగూ పొరుగూ కాపురముండేది!
చెల్లుకు చెల్లు అన్న నోటితోనే
కాలం చెల్లింది అనీ అంటాం.

మెల్లగా నేర్చుకున్నాను
కొంచెం బాకీ పడి ఉండడం.
పదును పెడతానని మా కత్తిపీట పట్టుకెళ్ళి ఆర్నెల్లు.
ఏదో ఓడ ముక్క దొరికినట్టు
తిప్పి తిప్పి తడుముతుంటాడు. నేనడగను.
ఆయన నిచ్చెన మా గోడకే ఆనుకుని ఉంది. ఆయనా అడగడు.
ఆదివారాలు ఆయన ఉత్తరాలు చదివి పెడతాను,
ఆస్పత్రివీ, బ్యాంకువీ,
ఆఖరికి పిజ్జా కొట్టు కాగితాలు కూడా.
ధరలతో సహా వినాలి ఆయనకి.

రాత్రి పదింటికి
రెండిళ్ళ ఉమ్మడి గోడ మీద రెండు దెబ్బలు.
ఉన్నాను, అని.
నేనూ రెండు. ఉన్నాం, అని.
చేతికందిన అప్పూ బదులే,
పిలుపుకి పలికే పలుకూ బదులే.
ఒకే మాట రెండు పనులెందుకు చేస్తుందో
ఆ ఇటుక గోడ దగ్గర తెలిసింది.

మొన్న నాకు నైట్ డ్యూటీ.
పొద్దున్నే బూట్లు విప్పుతుంటే పిల్లాడొచ్చాడు.
"నాన్న మర్చిపోయాడు. నేనే కొట్టానమ్మా, గరిటెతో. మూడు."
మూడెందుకురా అంటే
పాల మీసం తుడుచుకోకుండానే
"ఒకటి కొసరు" అన్నాడు.