టికెట్ లేని రేవు

ఒసాకాలో మూడో రోజు
మా వాళ్ళంతా కోట చూడ్డానికి పోయారు.
నేను బస్సు తప్పెక్కాను.
కావాలనే ఎక్కానేమో, ఇప్పుడు చెప్పలేను.

కిటికీలో మొదట అద్దాల మేడలు,
తర్వాత రేకుల షెడ్లు, ఇనుము కోసే చప్పుడు,
తీగ మీద ఆరేసిన నీలం చొక్కాలు.
చివరికి డ్రైవరూ నేనే మిగిలాం.
తెల్ల గ్లౌజు చేత్తో అతను చూపించిన వైపు నడిస్తే
నది అడ్డమొచ్చింది.

నది అనొచ్చో లేదో.
కాటుక రంగు నీళ్ళు, పైన నూనె తేట,
ఒడ్డు పొడవునా సిమెంటు గోడ.
గోడకో తలుపు. తలుపవతల పడవ.

ఆటోకి అన్నయ్యలాంటి పడవ.
కూర్చోడానికి బల్లల్లేవు.
సంతలో గేదెల పక్కన నిలబడ్డట్టు
సైకిళ్ళ పక్కన మనుషులు నిలబడ్డారు.

పర్సు తీశాను.
మూడు రోజులుగా ఈ ఊరు నన్ను లెక్కల మనిషిని చేసింది.
కాఫీకింత, గుడి గేటుకింత,
ప్రతి యెన్నునీ రూపాయిల్లోకి మార్చి, ఉలిక్కిపడి,
ఆనక కొన్నాను.
అరచేతిలో నాణేలు పరిచి చూపిస్తే
లైఫ్ జాకెట్టులో మునిగిపోయిన సన్నటి పడవాయన
తల అడ్డంగా ఊపాడు.
చిల్లర చాలలేదనుకుని నోటు తీశాను.
ఈసారి సైకిళ్ళన్నీ నవ్వాయి.
ఓ బడిపిల్లాడు ఇంగ్లీషు వెతుక్కుని వెతుక్కుని
"మనీ, నో. రోడ్డు" అన్నాడు.

రోడ్డు!
నది కూడా వీళ్ళకి వీధేనన్నమాట.
మావైపు రోడ్డుకీ అడుగుతారురా అబ్బాయ్,
టోల్ గేటు దగ్గర, అని తెలుగులో అని
నోటు మడిచి లోపల పెట్టుకున్నాను.

రెండు నిమిషాలు. అంతే.
మధ్యలో ఒక్కచోట
తుప్పు వాసన పోయి ఉప్పు వాసన వచ్చింది.
సముద్రం ఎక్కడో ఆ వంపు తిరిగితే.

అవతల నాకు పనేం లేదు.
అందరితో దిగి,
మళ్ళీ వరుస చివర నిలబడి ఎక్కాను.
మళ్ళీ.
ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని
మా అమ్మమ్మ తిట్టని చుట్టం లేడు.
ఇక్కడ దిగే ప్రతివాళ్ళూ వెనక్కి తిరిగి
ఓ పిసరు వంగి మరీ పోతున్నారు మల్లయ్యకి.
సాయంత్రం మళ్ళీ దాటాలి కనక కాబోలు.
కాకపోవచ్చు కూడా.

నాలుగో విడతలో ఆవిడ.
సైకిలు బుట్టలో పాత పేపరు చుట్టి,
చివర్లు బయటికి పొడుచుకొచ్చి,
పచ్చగా, గరుగ్గా...
"కాకరకాయలు!" అని అరిచాను, సిగ్గులేకుండా.

"గోయా" అందావిడ, దిద్దుతూ.
"కాకర" అన్నాను.
"గోయా."
"కాకర."
ఇంజను చప్పుడు తగ్గించి పడవాయన కూడా విన్నాడు.

పేరు హిగా అట. ఈ ఊరు కాదట.
దక్షిణంగా చెయ్యి విసిరి "ఒకినావా" అంది,
ఆ విసురులో బోలెడు నీళ్ళు.
వేళ్ళు ముడిచి విప్పి లెక్క చెప్పింది:
యాభై మూడు.
కండె తిప్పినట్టు తిప్పిన చేతుల్ని బట్టి
పిల్లప్పుడు నూలు మిల్లుకి వచ్చిందనుకున్నాను.
పసిబిడ్డని ఆడించడమో, తాడు పేనడమో
అయ్యుండొచ్చు.

నీ సంగతేమిటన్నట్టు గడ్డం ఎగరేసింది.
ఒక వేలు చూపించాను,
ఇంకొక్క రోజు, రేపు ప్రయాణం అని.
ఆవిడ మొహం మారింది.
ఒక ఏడు, అనుకుంది.
వచ్చి ఒక్క ఏడే అయిందనుకుంది.

నా భుజం మీద చెయ్యి వేసి
ఏదో చెప్పింది, నెమ్మదిగా, చాలాసేపు.
ఒక్క ముక్క అర్థం కాలేదు.
కాదండీ, నేను టూరిస్టుని అనడానికి
నా దగ్గర మాట ఉంది. అది వాళ్ళకీ తెలిసిన మాటే.
అనలేదు.
ఒడ్డు తగిలింది. బుట్టలోంచి ఒకటి తీసి చేతిలో పెట్టి
సైకిలు తోసుకుంటూ వెళ్ళిపోయింది.

హోటల్ గదిలో పొయ్యి లేదు, కెటిల్ ఉంది.
రాత్రి పక్కమంచం మీద విమల
కోట ఫోటోలు ఒక్కోటీ పెద్దవి చేసి చూపిస్తుంటే
కాకరకాయ కొరికాను, పచ్చిదే,
విమానంలో ఇచ్చిన ఉప్పు పొట్లం చల్లుకుని.

మనంత చేదు లేదు.
అయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.
"పిచ్చా నీకు" అంది విమల.