నివాసి

పద్నాలుగో క్లాజు దగ్గర ఆగాను.
తగాదా వస్తే హాంబర్గ్ కోర్టులోనే తేల్చుకోవాలట.
నాంపల్లి కోర్టు మెట్లే ఎక్కనిదాన్ని,
మీటరు మీద ఇరవై అడిగిన ఆటోతోనే
మొన్న తేల్చుకోలేకపోయాను.

చిక్కడపల్లి సందులో ఆడిటరు మెహరున్నీసా గారు
కళ్లద్దాలు నుదుటికి తోసి
"సంతకం తర్వాత. ముందు ఎల్‌యూటీ వేశావా?" అన్నారు.
వెయ్యలేదు.
"నీ బొమ్మల డబ్బులో వాళ్లక్కడ పన్ను కోస్తారు,
ఇక్కడా కడతావు.
ఒక్క పంటకి రెండు శిస్తులెందుకమ్మా?
ఇక్కడే ఉంటావని కాగితం తెచ్చుకో."

ఇక్కడే ఉంటానని.
కరెంటు బిల్లు ఓనరు పేరున ఉంది.
రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్లకి
అయిదింటికి తెగే నిద్ర ఉంది నా పేరున.
నేను కుర్చీ లాగకముందే
"ఏక్ చాయ్, మలాయి కమ్" అని లోపలికి కేకేసే
ఇరానీ హోటల్ జహంగీరున్నాడు.
ఇవేవీ జతపరచడానికి వీల్లేదు.

ఆరు వారాలకు వచ్చింది, నీలం ముద్రతో:
ఫలానా వ్యక్తి, ఫలానా సంవత్సరానికి, భారత నివాసి.
హాంబర్గుకు స్కాన్ చేసి పంపాను.
ఎవరూ అడగకపోయినా ఇంకో కాపీ తీయించి
నల్లా పైన, తడి తగలనంత ఎత్తులో
గోడకి అంటించాను.

పద్నాలుగో క్లాజు మాత్రం అలాగే ఉంది.