ఆవిరి పద్దు

కోవూరు ఉప్పుడు బియ్యం మిల్లులో
వడ్ల పద్దు నాది, నూకల పద్దు నాది.
ఆవిరికి మాత్రం పాతికేళ్లుగా పద్దు లేదు.
ఊక మనదే, నీళ్లు పెన్నవి,
ఇంకేం రాస్తావమ్మా అనేవాడు షావుకారు.

ఇటుక బట్టీల వాళ్లు లారీతో వచ్చి
ఊకకి టన్నుకింతని నోట్లు లెక్కపెట్టిన రోజు
తెలిసింది,
మా బాయిలర్లో ఇన్నాళ్లూ కాలింది డబ్బేనని.

ఆ వారమే వచ్చింది హిమజ.
ఇంజనీరట, గోతాం మీదే కూర్చుంది.
అణువు వేడి, ఎండ వేడి, గాలి కరెంటు
ఒక లెక్కలో కలిపి చూపించింది.

నాకు అర్థమైంది ఇంతే:
అణువు పర్మినెంటు ఉద్యోగి.
తినేది పిడికెడు,
పనున్నా లేకున్నా నెల జీతం,
చేరకముందే కొండంత అప్పు.
ఎండ రోజుకూలీ.
అడ్వాన్సు అడగదు గానీ
ఆరయ్యేసరికి పార పక్కన పెట్టి పోతుంది.
గాలి,
కృష్ణపట్నం వైపు నుంచి, దాని ఇష్టం.

"అంతే అక్కా" అంది.
"కూలీలు నిండుగా దిగిన మధ్యాహ్నం
పర్మినెంటు మనిషిని ఖాళీగా కూర్చోబెడితే నష్టం.
అప్పుడు ఉప్పు కాయించాలి.
కరిగిన ఉప్పుని పీపాలో దాచి
రాత్రికి వడ్లు ఉడికించాలి."

ఉప్పా!
ఇస్కపల్లి మడుల్లో మా అమ్మ
ఎండని ఉప్పు చేసింది నలభై ఏళ్లు.
ఇప్పుడు ఉప్పులో ఎండ దాస్తారా?
ఉప్పుడు బియ్యానికి ఇన్నాళ్లకు
నిజంగా ఉప్పు తగులుతుందన్నమాట.

వడ్డీ నూటికి ఆరు వేస్తే ఊక ఓడిపోయింది.
పది వేస్తే ఊకే గెలిచింది.
ఒకటికి రెండుసార్లు కూడాను.
అణువు గురించి అనుకున్నాం గానీ
పొద్దుటి నుంచీ మాట్లాడింది వడ్డీ గురించే.

పైగా ఒక్క మిల్లుకి గిట్టదట.
ఇరవై మిల్లులు, పాల డెయిరీ, రొయ్యల కంపెనీ
ఒకే గొట్టానికి సంతకం పెట్టాలట.
కాటా తూకం మీదే కలవని షావుకార్లు!
"ఊకదంపుడు" అని లేచిపోయాడు మావాడు,
ఊక ధర కనుక్కోడానికి ఫోన్ తీస్తూ.

బాయిలర్ మస్తానయ్య తలుపు దగ్గరే నిలబడి
"ఆ పీపాని రేత్రిళ్లు ఎవురు చూస్తారు మేడం?" అన్నాడు.
హిమజ లెక్కలో ఆ గడి లేదు.
రాసుకుంది.

ఆ సాయంత్రం కొత్త పేజీ తిప్పి
పైన "ఆవిరి" అని రాశాను.
ఊక, బట్టీ ధర ప్రకారం.
కరెంటు.
బూడిద ఎత్తిన ట్రాక్టరు.
మస్తానయ్య కంటి చుక్కల మందు, నెలకి రెండు సీసాలు,
ఇన్నేళ్లూ తన డబ్బుతో కొన్నవి.

షావుకారు చూశాడు.
ఇంకా గీత కొట్టలేదు.