కత్తిరించిన మూల

కాశీబుగ్గ బస్టాండు ఎదర
తెల్లారగట్ల ఐదున్నరకి కట్టలు తెగుతాయి.
ఆ పేపర్లో దాలమ్మ ఆనందం పట్టలేక కన్నీరు పెట్టుకుంది.
ఈ పేపర్లో దాలమ్మ కడుపు మండి కన్నీరు పెట్టుకుంది.
అదే చీర, అదే చెంప,
ముక్కుపుడక దగ్గర ఆగిన అదే చుక్క.

ఫొటో నాదే.
పెళ్ళిళ్ళు లేని నెలల్లో నేను విలేకరిని.
జీతం లేదు, అచ్చయితే నూట యాభై.
ఒకే బొమ్మని రెండు చోట్లకీ పంపాను,
ఎవరి చేటతో వాళ్ళు చెరుక్కుంటారని తెలిసే.

టీ బడి దగ్గర అప్పటికే మొదలయింది.
"అది ఆల్ల పేపరురా, మరెలగ రాస్తాది?"
"మీదేటి, సత్తెహరిచ్చెంద్రుడు అచ్చేసినాడా?"
గుంపస్వామి ఎవరివైపూ మాట్లాడడు.
లోపలి పేజీలో జీడిపిక్కల ధర చూసి మడిచేస్తాడు.
రెండింట్లోనూ ఒకలాగే ఉండేది
అదొక్కటేనట.

తొమ్మిదికి పని మధ్యలోంచి వచ్చింది దాలమ్మ,
రెండు పేపర్లూ కొంగులో చుట్టుకుని.
"ఈ ఈది పెద్దమనిసి నా పింఛను తీయించేత్తానంటున్నాడు,
ఆ ఈదోడు దండ ఏత్తానంటున్నాడు.
నానేటి సేసినాను బాబూ?"

చదివి వినిపించాను. ముందు ఇది, తర్వాత అది.
గొంతు మారకుండా రెండూ చదవడం
ఎంత కష్టమో అప్పుడే తెలిసింది.

ఆమె కోప్పడలేదు.
చేతులు చాపింది.
జీడి సొన తినేసిన వేళ్ళు, నల్లగా, నున్నగా,
గీతలన్నవే లేవు.
"నెలనెలా ఆ మిసను నా ఏలు గుర్తుపట్టదు.
నా కన్నీరు మాత్తరం ఈల్లిద్దరూ గుర్తుపట్టీసినారు.
బట్టీ పొగ బాబూ అది!
కల్లు మండి రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాను.
ఆ బండి మీద ఎవులు ఎల్లినారో కూడా సూల్లేదు."

వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగింది.
"అచ్చరాలు లేకుండా ఓ బొమ్మ తీసియ్యి,
నా మనవరాలికి."

స్టూడియోలో అసలు ఫొటో తెరిచాను.
ఎడమ మూల ఫ్యాక్టరీ గొట్టం,
దాని నోట్లోంచి నల్లటి పొగ
సరిగ్గా ఆమె ముఖం మీదికే వంగి ఉంది.
పంపేముందు నేనే కోసేశాను.
ఏ పార్టీ వాడూ చెప్పలేదు, ఏ డెస్కు నుంచీ ఫోను రాలేదు.
బొమ్మకి అడ్డంగా ఉందనిపించింది, అంతే.

సాయంత్రం వచ్చింది.
మొత్తం బొమ్మ అచ్చు తీసి చేతిలో పెట్టాను,
డబ్బు వద్దన్నాను.
దీపం కిందికి జరిపి చాలాసేపు చూసింది.

"ఈ గొట్టం ఎందుకు బాబూ,
నా మొకం సిన్నదైపోనాది.
కోసీ."

కత్తెర బల్ల మీదే ఉంది.
అవతల రాత్రి షిఫ్టు సైరను మోగింది.
ఆమె ఇంకా నిలబడే ఉంది.